తలకి కరెంటు పెట్టేముందు ఒక మాట

మొన్నామధ్య ఒక రాత్రి పదకొండున్నరకి, రిలీజు పనిలో తలమునకలుగా ఉండగా, పాత ఆఫీసులో కలిసి పనిచేసిన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. "అన్నా, అమ్మకి లంగ్ కేన్సరని చెప్పాగా. ఇప్పుడు బ్రెయిన్ ఎమ్మారైలో మచ్చలు కనిపించాయంట. తల మొత్తానికి రేడియేషన్ ఇద్దామంటున్నారు. రేపు పొద్దున్నే సంతకం పెట్టాలని నాన్న కంగారు పడుతున్నాడు. పెట్టమనాలా, వద్దా?" అన్నాడు.

నేను డాక్టర్ని కాదు. జావా రాసుకుని బతికేవాణ్ణి. అయినా వాడు నాకే ఎందుకు చేశాడంటే, 2013లో మా ఇంట్లో అలాంటి కాయితం మీద సంతకం పెట్టింది నేనే. ఆ సంగతి వాడికి తెలుసు. వాడికేం చెప్పానో తర్వాత రాస్తాను. ముందు మా మావయ్య గురించి చెప్పాలి.

మావయ్యకి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. అరువు ఖాతా పుస్తకం ఒకటి ఉండేదిగానీ, అది చూపించుకోడానికే. అసలు పద్దంతా బుర్రలోనే. ఎవరు ఎన్ని కేజీల కందిపప్పు పట్టుకెళ్లారో, అందులో ఎంత ఇచ్చారో, ఎంత బాకీయో, మూడు నెలల తర్వాత అడిగినా పైసలతో సహా చెప్పేవాడు. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో క్యాలుక్యులేటర్ తీస్తే, "ఏరా అబ్బాయ్, పదమూడు ఇంటూ పదిహేడుకి మెషీను కావాలా నీకు?" అని నవ్వేవాడు. సిగరెట్లు మాత్రం బాగా కాల్చేవాడు. అదొక్కటే పద్దులో రాసుకోలేదు.

2012 చివర్లో ఊపిరితిత్తుల్లో స్మాల్ సెల్ రకం కేన్సర్ అన్నారు. లంగ్ కేన్సర్లలో ఇది సుమారు 15 శాతం ఉంటుంది. చాలా జోరుగా పెరుగుతుంది, కీమోకి కూడా అంతే జోరుగా లొంగుతుంది, కొన్నాళ్లకి మళ్లీ తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చేటప్పుడు దానికి ఇష్టమైన చోట్లలో మెదడు ఒకటి. మెదడుకి రక్తంలోంచి ఏది పడితే అది లోపలికి రాకుండా ఒక ఫైర్‌వాల్ లాంటిది ఉంటుంది. చాలా కీమో మందులు దాన్ని దాటి సరిగ్గా లోపలికి పోలేవు. అంచేత ఛాతీలో గడ్డ కరిగిపోయినా, మెదడులో నక్కిన కణాలు అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది.

అందుకని మావయ్యకి కీమో, ఛాతీకి రేడియేషన్ అయ్యి, స్కాను బాగా వచ్చాక, "ముందు జాగ్రత్తగా తలకి కూడా కరెంటు పెడదాం" అన్నారు. మనవైపు రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అనే అంటారు కదా. పది రోజులు, రోజుకి పావుగంట పని.

ఆ సలహా తప్పు కాదు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇది డాక్టర్లని తిట్టడానికి రాస్తున్నది కాదు. 1999లో వచ్చిన ఒక విశ్లేషణలో, కీమోకి పూర్తిగా లొంగిన స్మాల్ సెల్ రోగుల్లో ఇలా ముందు జాగ్రత్త రేడియేషన్ తీసుకున్నవాళ్లు మూడేళ్ల తర్వాత 20.7 శాతం మంది బతికున్నారు. తీసుకోనివాళ్లలో 15.3 శాతం. అంటే వందమందిలో ఐదుగురు అదనంగా. ఈ జబ్బులో ఐదుగురంటే తక్కువేం కాదు.

నా బాధల్లా వేరే. కాయితం ఇంగ్లీషులో ఉంది. అందులో మెమరీ అన్న మాట ఒకచోట ఉంది. అదేమిటని అడిగితే, "కొంచెం మతిమరుపు రావచ్చండీ, ఆ వయసుకి మామూలే" అన్నారు. నేనూ సరే అనేసుకున్నాను. రోజూ ప్రొడక్షన్లోకి వెళ్లే ఒక్కో మార్పుకీ, "దీని ఇంపాక్ట్ ఏంటి, రోల్‌బ్యాక్ ఉందా" అని నలుగురి ప్రాణాలు తోడేసేవాణ్ణి. మావయ్య తలకాయ దగ్గర ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నాలుగు నెలలకి తేడా తెలిసింది. పొద్దున టిఫినేం తిన్నాడో మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. డబ్బులు తీసుకున్నాడో లేదో తెలియక ఒకే మనిషిని రెండుసార్లు అడిగి మాట పడ్డాడు. చిత్రమేమిటంటే, 1987లో ఎవరో ఎగ్గొట్టిన నూట నలభై రూపాయల బాకీ మాత్రం తేదీతో సహా చెప్పేవాడు. పాతవన్నీ భద్రంగా ఉన్నాయి. కొత్తవి మాత్రం సేవ్ కావట్లేదు.

రేడియేషన్ వల్లే అలా అయిందని నేను ఒట్టేసి చెప్పలేను. కీమో ఉంది, వయసుంది, దిగులుంది. కానీ పాతది ఉండి కొత్తది నిలవకపోవడం అన్నది మెదడులో ఒక ఫలానా భాగం దెబ్బతిన్నప్పుడు కనిపించే లక్షణం. దాని పేరు హిప్పోకాంపస్. గ్రీకులో సముద్రగుర్రం అని అర్థం, ఆకారం అలా ఉంటుందని. రెండు కణతల లోపలివైపు చెరొకటి ఉంటాయి.

దీని సంగతి ప్రపంచానికి తెలిసిన తీరు కూడా విషాదమే. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గడానికి రెండువైపులా ఈ భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా ఆయనకి కొత్త సంగతేదీ మనసులో నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఆయన్ని పరీక్షించింది. వెళ్లిన ప్రతిసారీ తనని తాను మళ్లీ పరిచయం చేసుకోవాల్సి వచ్చేది. హిప్పోకాంపస్‌లో ఒక పొర దగ్గర కొత్త నాడీకణాలని పుట్టించే మూలకణాలు ఉంటాయని, అవి కొద్దిపాటి రేడియేషన్‌కే దెబ్బతింటాయని తర్వాత జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో తెలిసింది.

సరే, ఇప్పుడు అసలు విషయం. తల మొత్తానికి రేడియేషన్ ఇవ్వాల్సిందే అయితే, ఆ రెండు చిన్న ముక్కల్ని పక్కన పెట్టి మిగతాదానికి ఇవ్వలేమా?

ఇవ్వొచ్చు. పలచటి పొరలుగా ఎమ్మారై తీస్తారు, దాన్ని సీటీ మీద అతికిస్తారు, డాక్టరు హిప్పోకాంపస్ గీతలు గీస్తాడు, చుట్టూ ఇంకో 5 మిల్లీమీటర్లు వదిలి, రేడియేషన్ కిరణాల బలాన్ని ఒక్కో కోణంలో ఒక్కోలా మారుస్తూ కంప్యూటర్ ప్లాన్ తయారుచేస్తుంది. మెదడుకి పది రోజుల్లో 30 గ్రే ఇస్తుంటే, హిప్పోకాంపస్‌లో ఎక్కడా సుమారు 16 గ్రే దాటకుండా చూస్తారు. మనవాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, కన్‌స్ట్రెయింట్లు ఇచ్చి ఆప్టిమైజర్‌ని పరిగెత్తించడమే. మరి అక్కడ నక్కిన కేన్సర్ కణాల మాటేమిటి అని అనుమానం వస్తుంది. హిప్పోకాంపస్ పరిసరాల్లో మచ్చలొచ్చేది వందమందిలో పదిమంది కన్నా తక్కువకే అని లెక్క తేలింది. అప్పటికే అక్కడ మచ్చ ఉన్నవాళ్లకి ఈ పద్ధతి పనికిరాదు.

దీనికి తోడు మెమాంటిన్ అని ఒక మాత్ర. అల్జైమర్స్‌కి వాడే పాత మందే. రేడియేషన్‌తోపాటు మొదలుపెట్టి ఆరునెలలు వాడితే జ్ఞాపకశక్తి తరుగుదల ఆలస్యమవుతుందా అని 508 మంది మీద చూశారు, 2013లో ఫలితాలొచ్చాయి. ప్రధానంగా పెట్టుకున్న గురి కొద్దిలో తప్పింది. కానీ దిగజారడానికి పట్టే కాలం మాత్రం పెరిగింది.

తర్వాత 2020లో ఇంకో పెద్ద అధ్యయనం. మెదడుకి కేన్సర్ పాకిన 518 మంది. అందరికీ మెమాంటిన్ ఇచ్చారు. సగం మందికి మామూలుగా తల మొత్తానికి, సగం మందికి హిప్పోకాంపస్ తప్పించి రేడియేషన్. తప్పించినవాళ్లలో మేధోశక్తి దిగజారే ముప్పు 26 శాతం తగ్గింది. ఆరునెలల దగ్గర జ్ఞాపకశక్తి పరీక్షలో దిగజారినవాళ్లు 16.4 శాతం, తప్పించనివాళ్లలో 33.3 శాతం. బతికిన కాలంలో తేడా లేదు. అంటే ఆయుష్షుని ఫణంగా పెట్టకుండానే బుర్రని కొంత కాపాడుకోవచ్చన్నమాట.

ఇక్కడితో ఆపేసి "చూశారా, పరిష్కారం దొరికింది" అనడం తేలిక. కానీ అది నిజాయితీ కాదు. మా మావయ్యకి ఇచ్చినట్టు, మచ్చలు రాకముందే జాగ్రత్తగా ఇచ్చే రేడియేషన్‌లో లెక్కలు అంత శుభ్రంగా లేవు. 2021లో స్పెయిన్ వాళ్లు 150 మందిలో మంచి తేడా కనిపించిందన్నారు. అదే ఏడు నెదర్లాండ్స్ వాళ్లు 168 మందిలో ఏ తేడా లేదన్నారు. ఒకే టెస్టు ఒక మెషీన్లో పాసై ఇంకో మెషీన్లో ఫెయిలైతే మనం ఏం చేస్తాం? కోడ్ బాగుందనీ అనం, పారెయ్యమనీ అనం. ఏ సందర్భంలో పనిచేస్తోందో చూస్తాం. డాక్టర్లూ అదే చేస్తున్నారు.

అసలు ఇంతకన్నా ముందు ప్రశ్న ఇంకోటుంది. తల మొత్తానికి కరెంటు పెట్టడం అవసరమా?

ఒకటి నుంచి మూడు మచ్చలున్నప్పుడు, గామా నైఫ్, సైబర్ నైఫ్ అని వింటుంటామే, అలాంటివాటితో ఆ మచ్చలకే గురిపెట్టి ఇస్తే చాలా, దానిమీద తల మొత్తానికి కూడా ఇవ్వాలా అని 213 మంది మీద చూశారు. 2016లో వచ్చిన ఫలితం. మూడు నెలలకి మేధోశక్తి తగ్గినవాళ్లు, మచ్చలకే ఇచ్చినప్పుడు 63.5 శాతం, తల మొత్తానికి కూడా కలిపినప్పుడు 91.7 శాతం. కలిపినందువల్ల ఎక్కువకాలం బతికిందీ లేదు. 2014లో జపాన్ వాళ్లు, ఐదు నుంచి పది మచ్చలున్నవాళ్లు కూడా ఇలా గురిపెట్టి ఇస్తే, రెండు నుంచి నాలుగు మచ్చలున్నవాళ్లతో సమానంగానే బతుకుతున్నారని చూపించారు. అయితే తల మొత్తానికి ఇవ్వకపోతే కొత్త మచ్చలు వచ్చే అవకాశం ఎక్కువ. అంచేత రెండు మూడు నెలలకొకసారి ఎమ్మారై తప్పదు. ఆ తిరుగుడికి ఒప్పుకునే ఈ దారి పట్టాలి.

స్మాల్ సెల్‌లో కూడా, బాగా పాకిపోయిన దశలో ముందు జాగ్రత్త రేడియేషన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 2007లో యూరప్ అధ్యయనం చెప్పింది. 2017లో జపాన్ అధ్యయనం, మొదట్లోనే ఎమ్మారైతో మెదడు శుభ్రంగా ఉందని రూఢి చేసుకుని, తర్వాత కూడా ఎమ్మారైలతో కనిపెట్టుకుని ఉంటే, రేడియేషన్ వల్ల ఆయుష్షు పెరగట్లేదని చెప్పింది. మానిటరింగ్ సరిగ్గా ఉంటే కొన్ని ముందు జాగ్రత్తలు అక్కర్లేదన్నమాట.

మిగతా లంగ్ కేన్సర్లలో ఇంకో దారి తెరుచుకుంది. గడ్డ ముక్కలో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు మార్పులున్నాయేమో పరీక్ష చేస్తారు. సిగరెట్ ముట్టని ఆడవాళ్లలో ఇవి తరచుగా కనిపిస్తాయి. ఉంటే ఒసిమెర్టినిబ్, అలెక్టినిబ్, లోర్లాటినిబ్ లాంటి మాత్రలు ఆ ఫైర్‌వాల్ దాటి మెదడులోకి వెళ్లి పనిచేస్తాయి. కొందరికి రేడియేషన్ వాయిదా వేసే వీలుంటుంది. (ఇవీ అమృతాలేం కావు. లోర్లాటినిబ్ వల్ల కొందరిలో మతిమరుపు, చిరాకు వస్తాయి.)

దీనికి రెండో అంచు కూడా ఉంది. మంచానపడి బాగా నీరసించిపోయినవాళ్ల సంగతి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఆపరేషన్‌కీ, గురిపెట్టే రేడియేషన్‌కీ పనికిరాని 538 మంది లంగ్ కేన్సర్ రోగుల మీద జరిగిన క్వార్ట్జ్ అనే అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. తల మొత్తానికి రేడియేషన్ ఇచ్చినవాళ్లు సగటున 9.2 వారాలు, ఇవ్వకుండా స్టెరాయిడ్లూ ఉపశమన వైద్యం మాత్రమే ఇచ్చినవాళ్లు 8.5 వారాలు బతికారు. బతుకు నాణ్యతలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాంటి మనిషిని పదిరోజులు అంబులెన్సులో తిప్పడం ఎవరికోసం? మనం ఏదో ఒకటి చేశామన్న తృప్తికోసమా? కాస్త గట్టిగానే అంటున్నాను, ఎందుకంటే అమెరికాలో కూర్చుని "డబ్బుకి వెనకాడొద్దు, ఏదైనా చేయించండి" అనేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ.

ఏతావాతా నా అభిప్రాయం ఇది. హిప్పోకాంపస్ తప్పించడం అందరికీ కుదరదు. మచ్చ అక్కడే ఉంటే కుదరదు. తల తిరిగి పడిపోతున్న మనిషికి ప్లాను తయారయ్యేదాకా ఆగే టైము ఉండకపోవచ్చు. అన్ని ఊళ్లలో ఆ మెషీన్లు ఉండవు, ఖర్చు ఎక్కువ. కానీ ప్రశ్న మాత్రం అందరూ అడగొచ్చు. అడగడానికి ఖర్చు లేదు. "మాకు కుదరదు, ఎందుకంటే ఇదీ కారణం" అని డాక్టరు చెబితే అదొక జవాబు. అసలు ఆ మాటే రాకుండా సంతకం అయిపోవడం మాత్రం నాకు సమ్మతం కాదు.

ఆ రాత్రి ఆ కుర్రాడికి నేను చెప్పినవి నాలుగే. సంతకం పెట్టాలా వద్దా అని చెప్పలేదు, ఇవి అడగమన్నాను. మచ్చలెన్ని, మచ్చలకే గురిపెట్టి ఇవ్వడం కుదురుతుందా? జన్యు పరీక్ష చేశారా, రిపోర్ట్ వచ్చేదాకా ఆగొచ్చా? తల మొత్తానికి తప్పదంటే హిప్పోకాంపస్ తప్పించి ఇవ్వగలరా, మెమాంటిన్ ఇస్తారా? అసలు రేడియేషన్ ఇవ్వకపోతే ఏమవుతుంది?

వాడు అన్నీ రాసుకున్నాడు. తర్వాత నేను ఐదోది అడిగాను. "అమ్మకి తెలుసా?"

అవతల చప్పుడు లేదు. కాసేపటికి, "లేదన్నా, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని చెప్పాం" అన్నాడు.

మేమూ అచ్చం అదే చెప్పాం. నెమ్ము అని. మావయ్య నమ్మాడో లేదో ఇప్పటికీ తెలీదు. కానీ ఒక్కటి ఆలోచించండి. మనిషి బుర్రలో ఏది కాపాడాలో ఎవరు చెప్పాలి? మావయ్యని అడిగి ఉంటే, "నా లెక్కలు పోతే నేనుండి ఏం లాభంరా?" అనేవాడేమో. లేదా, "లెక్కలు పోతే పోయాయి, పాప పెళ్లి చూడాలి" అనేవాడేమో. రెండూ సబబైన జవాబులే. కానీ జవాబు ఆయనది. మేము ప్రశ్నే ఆయన దగ్గరికి పోనివ్వలేదు. అంతకన్నా ఘోరం, మతిమరుపు మొదలయ్యాక అది ఎందుకొచ్చిందో కూడా చెప్పలేకపోయాం, చెబితే అసలు సంగతి బయటపడుతుంది కదా. ఆయన పాపం తనకి పిచ్చెక్కుతోందనుకున్నాడు. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, మీ అత్తయ్యకి చెప్పకు, నా బుర్ర పనిచెయ్యట్లేదురా" అన్నాడు. నేను, "అదేం లేదు మావయ్యా, వయసొస్తే అంతే" అన్నాను. ఆస్పత్రి వాళ్లు నాకు చెప్పిన మాటే ఆయనకి అప్పగించాను.

ఇంకోటి. మందు వేసేముందు బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. తలకి రేడియేషన్ ఇచ్చేముందు బుర్ర ఎలా ఉందో చూడటం మాత్రం మామూలుగా జరగదు. బేస్‌లైన్ లేకుండా పెర్ఫార్మెన్స్ తగ్గిందని ఎలా చెప్తాం? ఆ అధ్యయనాల్లో వాడిన జ్ఞాపకశక్తి పరీక్ష చాలా చిన్నది. పన్నెండు మాటలు చదివి వినిపించి వెంటనే చెప్పమంటారు, అలా మూడుసార్లు. ఇరవై నిముషాలాగి మళ్లీ అడుగుతారు. మన భాషలో కుదరదని సాకు చెప్పడానికీ లేదు. భారతీయ వైద్య పరిశోధనా మండలి మతిమరుపు జబ్బుల కోసం తయారు చేయించిన పరీక్షల పెట్టెలో తెలుగు కూడా ఉంది. దాన్ని కేన్సర్ వార్డుదాకా తీసుకెళ్లాలంటే ముందు మనం అడగాలి. ఈ పని చేయగల స్తోమత, ఇంగ్లీషు, ఇంటర్నెట్టు ఉన్నవాళ్లం మనమే. మనం అడిగితే అలవాటవుతుంది, అలవాటయ్యాక అడగలేనివాళ్లకి కూడా అందుతుంది.

మన ఇళ్లల్లో డాక్టర్ని అడిగే ప్రశ్న ఒక్కటే, "ఎన్నాళ్లండీ?" అని. మన వృత్తిలో సర్వర్ ఆన్‌లో ఉంది కాబట్టి అంతా బాగానే ఉంది అని ఎవరైనా అంటే ఊరుకుంటామా? లోపల సర్వీసు పనిచేస్తోందా అని అడగమూ? మనుషుల దగ్గర ఎందుకు అడగం?

మావయ్య ఇంకో ఏడాదిన్నర బతికాడు. మెదడులోకి జబ్బు రాలేదు. ఆ లెక్కన వైద్యం గెలిచినట్టే. చివరి నెలల్లో ఒక నలభై పేజీల నోటుబుక్కు పెట్టుకున్నాడు. "పొద్దున ఇడ్లీ తిన్నాను. పాలవాడికి ఇచ్చాను. అబ్బాయి ఫోన్ చేశాడు." ఇవన్నీ ఆయన చక్కటి దస్తూరీలో. జన్మలో మొదటిసారి పద్దు కాయితం మీద రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పటికీ అత్తయ్య బీరువాలో ఉంది. ఒక పేజీలో "అబ్బాయి ఫోన్ చేశాడు" అని ఐదుసార్లు ఉంది. నేను ఆ రోజు చేసింది ఒక్కసారే.

డల్లాస్ కుర్రాడు మర్నాడు రాత్రి మెసేజ్ పెట్టాడు. జన్యు పరీక్ష రిపోర్ట్ వచ్చేదాకా ఓ వారం ఆగుదాం, కంగారు లేదన్నారట డాక్టరు. అడిగినందుకు ఆయనేం చిరాకు పడలేదట. అమ్మకి చెప్పడానికి మాత్రం వాడే వచ్చే వారం టికెట్ బుక్ చేసుకున్నాడు.